పారబోసిన బిందెలు

యూనివర్సిటీకీ పట్నానికీ దోస్తానా కుదిరిందని
ఏసీ హాల్ల శాలువాలు కప్పుకున్న నాడు
నేను నాలుగో నంబరు వాల్వు కాడున్న.
మనిషెత్తు ఇనుప తాళం గుంతల దింపి
పద్దెనిమిది సుట్లు తిప్పితెనే
గుర్రాల గల్లీకి నీళ్ళు.
పందొమ్మిదోది తిప్పితె మర ఇరుగుతది.
ఈ సంగతి ఏ కాయితంల లేదు.

తెల్లారగట్ల మూడున్నరకొచ్చింది హిమబిందు,
తార్నాక దిక్కుకెల్లి, స్కూటీ మీద.
ఐసుడబ్బల ఇరవై నాలుగు సీసాలు,
పండ్ల నడుమ టార్చిలైటు.
కుక్కలు మొరిగినయ్. నేను నవ్విన.
గీ సీసాలల్ల రోగాన్ని పడతవా బిడ్డా, అన్న.
టార్చి తీసి చెప్పింది:
"ముందుగాల అడుగుత తాతా, దొరికితె పడత."

ఆ వానకాలం
బస్తీ దవాఖానల ఓఆరెస్ పాకెట్లు ఒడిసిపోయి
ఆశా వర్కర్ సులోచన
ఉప్పు, చక్కెర పాత పేపర్ల పొట్లాలు గట్టి పంచింది.
జరీనా ఖాలా మనుమడు
మూడొద్దులకే తన అంగీల తానే వదులైండు.

ల్యాబుకు వోయిన సీసాలన్నీ
సాఫ్ అని తిరిగొచ్చినయ్.
రావా మరి?
ఇంటికొచ్చిన పిల్లకు
మురికినీళ్ళెవరన్న పోస్తరా?
"మొదటి రెండు బిందెలు పారబోస్తం గద బేటా,
ఆ తర్వాతయే నీకిచ్చినం" అన్నది ఖాలా,
చాయ్‌ల చక్కెరెంత అని అడిగినంత అలవోకగ.

హిమబిందు పెన్ను ఆగింది.
ఆమె ఫారంల వయసుకు గడి ఉన్నది,
జరానికి, వాంతులకు, సండాసుకు గడులున్నయ్.
పారబోసినదానికి లేదు.
మోకాలు మీద కాయితం వెట్టి
స్కేలు లేకుండనే, వంకరగ
ఒక గీత గీసింది.

మళ్ళ ఇంటింటికీ తిరిగినం.
రెండు. రెండు.
కటింగ్ షాపు ఐలయ్యది రెండు.
ఇస్త్రీ బండి వాళ్ళు లెక్కవెట్టలేదట.
సేమ్యా కార్ఖానా దాటంగనే, ఐదు.
ఖాలా ఇంట్ల ఏడు.
"ఏడు పారబోస్తె తాగనీకేం మిగులుతయ్?
ఒక్కోసారి నాలుగుకే ఆగుత."

కార్ఖానా ముంగట తవ్వించినం.
మోరీ కింద, మోకాటిలోతుల పైపు.
పైపుకు సైకిల్ ట్యూబు.
ట్యూబుకు ముడి.
ఎడమచేతి వాటం ముడి.

ఇంజనీరు సారు దూరంగ ఫోన్ల ఉన్నడు.
పిల్ల ముడిని సూసింది,
తాళం పట్టిన నా చేతిని సూసింది.
"పదకొండేండ్లాయె" అన్న.
"రెండొద్దుల కోసమే కట్టిన. సామాను రాలే."
ఆమె రాసుకోలే.
తన నీళ్ళ సీసా నా చేతికిచ్చి
శానసేపటికి అడిగింది:
"ఇట్లాంటియి ఇంకెన్నున్నయ్ తాతా?"

మోరీ గడ్డ మీద మ్యాపు పరిసింది.
ఆకాశం మీదికెల్లి తీసిన బొమ్మ,
అంత రేకులు, కప్పులు, నీళ్ళ ట్యాంకులు.
నేను భూమి అడుగుకెల్లి చెప్పుకుంట వోయిన:
మసీదు మూల మలుపు కాడొకటి,
కట్టెల అడితి ఎనుక గోనెసంచి సుట్టిందొకటి,
బడి గోడ కింద, అది నాది కాదు, మల్లారెడ్డి కట్టిండు,
సచ్చిపోయిండు పాపం.
ఫోను జేబుల వెట్టి సారు కూడ వచ్చిండు,
ప్యాంటు మడుసుకొని మా పక్కకు గొంతుకూసున్నడు.
ఇరవై మూడు ఎర్ర సుక్కలు.

ఈ ఏడు నాలుగింటికే పైసలున్నయట.
కడమయి ఫైలుల ఉన్నయ్.
ఇన్నాళ్ళు నా తలకాయల ఉండె.
ఏడుంటే నయమో నాకెర్కలేదు.

నిన్న మళ్ళ పద్దెనిమిది సుట్లు తిప్పిన.
ఖాలా మొదటి బిందె నింపి పారబోసింది.
రెండోది నింపింది.
వాసన సూసింది, వేలు ముంచింది.
బిందె సంకనెత్తుకొని
గడప కాడ ఆగింది,
ఒంచాల్నా, లోపలికి తీస్కపోవాల్నా అని
నా దిక్కు సూస్కుంట.