పదహారో వంతు

పత్తి సీజన్లో గుణుపురం వేబ్రిడ్జి మీద
రోజుకి అరవై లారీలు తూస్తాను.
పది కిలోల లోపు ఏదీ నా కాటాకి కనబడదు.
గేటు మూసేక, వంశధార గట్టు దిగి
ఆ కనబడని వాటి దగ్గరికి పోతాను.
పత్తాకు అడుగున పచ్చదోమ,
కంచె తీగ మీద గెంతుడు సాలీడు.

కెమెరా ఉంది, తోడల్లుడు కొత్తది కొనుక్కుని వదిలేసినది.
లెన్సు ఉంది, వెనక గొట్టం తగిలిస్తే బెత్తెడు దూరానికి వస్తుంది.
అంత దగ్గర్లో లెన్సు నీడే పురుగు మీద పడుతుంది.
కన్నూ కాలూ రెండూ తేటగా రావాలంటే
లెన్సు కంత బాగా మూయాలి.
మూస్తే, చీకటి.

ఏ ఫ్లాష్ కొనాలి?
నెల్లాళ్ళు అదే లెక్క, తూకం చీటీల వెనకాల.
రెండు తలలది, ఈ పనికనే పుట్టినది:
మూడు నెలల జీతం, అదీ అన్నం మానేస్తే.
కొట్టేసేను.
లెన్సు చుట్టూ తొడిగే లైట్ల చక్రం తెప్పించేను, తొమ్మిది వందలు.
పురుగు మీసం కదిలిందంటే ఫొటో నిండా పొగ.
సాలీడు కళ్ళలో రెండు తెల్ల సున్నాలు.
"దీనికి కళ్ళజోడెవరు కొన్నారు?" అంది పుణ్యవతి.

ఆఖరికి బస్టాండు పక్కన బిసోయి స్టూడియో.
గాజు బీరువా కింది అరలో పడుంది
బ్యాటరీ మూతకి రబ్బరు బ్యాండు చుట్టుకుని.
"నాలుగొందల పెళ్ళిళ్ళు చేసింది బాబూ" అన్నాడు
ఒడియా తెలుగూ కలిపి, సంబంధం చెబుతున్నట్టు.
"దాచడమెందుకు, ఆటోమేటిక్కు చచ్చిపోయింది.
అంతా చేత్తోనే తిప్పుకోవాలి."
నాకు కావలసిందీ అదే.
రెండు వేల దగ్గర మొదలైన ముల్లు
పదిహేను వందల దగ్గర ఆగింది.
కెమెరా మీంచి దించి పట్టుకోడానికి మెలికల తీగ,
చార్జింగు సెల్లులు నాలుగు,
వాటి బేరంలో నేనే ఓడిపోయేను.

మొదటి మెరుపు పూర్తి బలంతో కొట్టేను.
కందిరీగ కదల్లేదు, పాపం,
ఫొటోలో మాత్రం తెల్ల కాగితం.
పందిరంతా వెలిగించిన దానికి
ఆవగింజంత పని అప్పజెబితే ఏం చేస్తుంది?
తగ్గించుకుంటూ వచ్చేను.
సగం. పావు. ఎనిమిదో వంతు. పదహారో వంతు.
తగ్గేకొద్దీ మెరుపు పొట్టిదవుతుంది,
పొట్టిదయ్యేకొద్దీ
ఎగిరే రెక్క గాల్లోనే నిలబడిపోతుంది.
ఈ సంగతి బిసోయితో చెబితే
"పెళ్ళిలో ఎవడు తగ్గిస్తాడు బాబూ" అన్నాడు.

వెలుగింకా కరుగ్గానే ఉంది, పురుగు వీపు మీద సున్నం చుక్కల్లా.
చిప్సు ప్యాకెట్టు చీల్చి వెండి వైపు లోపలికి పెట్టి,
మూతికి కడిగిన పాల ప్యాకెట్టు బిగించి
పుణ్యవతి నల్లదారంతో కుట్టింది,
చీర ఫాలు పక్కన పడేసి, సణుగుతూనే.

బేళ్ళెత్తే కుర్రాడు ఇసాక్ రైకా
ఊపిరి బిగబట్టి ఆకు పట్టుకున్నాడు.
కొమ్ములున్న చిన్న పురుగు. నాకు దాని పేరు తెలీదు.
సవర మాటలో ఒకటన్నాడు.
నా అక్షరాల్లో అది సరిగ్గా కూచోలేదు,
చీటీ వెనకాల రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేను.

నిన్న రాత్రి సాలీడు ఫొటో
కంప్యూటర్లో పెద్దది చేసుకుంటూ పోయేను.
ముఖం. ముఖంలో రెండు పెద్ద కళ్ళు.
ఒక్కో కంట్లో పాలరంగు కిటికీ,
కిటికీ అంచున సన్నగా, వంకరగా, నల్ల గీత.
లెన్సు మీద వెంట్రుకేమో అనుకుని తుడవబోయేను.

పుణ్యవతి వెనక నించుని చూసింది.
"కుట్టు పక్కకి పోయింది" అంది,
"రేపు విప్పి సరిగ్గా వేస్తాను."

పొద్దున్న డ్యూటీకెళ్తూ
దాన్ని ఆమెకి అందని మేకుకి తగిలించేను.