గోరంత ఆనవాలు

తాడిపత్రి బస్టాండు వెనక సందులో నా కొట్టు:
జిరాక్సు, ఫోటోలు, వేలిముద్ర.
గల్లాపెట్టె పక్కన దూదిలో పడుకోబెట్టాను
నిన్న పార్శిల్లో వచ్చిన డైనోసార్ గోరును.
మూడువేల ఎనిమిదొందలు. మొరాకో ఎడారిదంట.
రూపాయిబిళ్ళ పక్కన పెట్టి తీసిన ఫోటోలో
కొడవలిలా నిగనిగలాడింది.
ముప్పైవేలకు అమ్మొచ్చని లెక్కగట్టి
రాత్రి రెండుసార్లు లేచి చూసుకున్నాను
ఎటైనా నడిచిపోతుందేమో అన్నట్టు.

రేషన్ కార్డుకు వేలిముద్ర వేయాలని
దస్తగిరమ్మ వచ్చింది,
పందొమ్మిదేళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో
బండల అంచులు రుద్దిన మనిషి.
బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది.
కొంగుకు తుడిచి పెట్టింది. ఎరుపే.
చూపుడువేలు. ఎరుపే.
"ఉండవ్వా, నెట్టు సరిగ్గా లేదు" అని అబద్ధమాడి
నేను తీగలు కదిలిస్తుంటే
ఆమె చెయ్యి దూది మీదికి పోయింది.

"ఇదేంది సుంకన్నా, ఏ గొడ్డుది?"
తొమ్మిదిన్నర కోట్ల ఏండ్ల కిందటిదని చెప్పాను,
జాగ్రత్త అన్నాను.
వింటూనే నాలిక చాపి నాకింది.

"అంటుకోల్యా.
పాత బొమికైతే నాలికను పట్టుకుంటాది.
మా ఆయన బేతంచెర్ల గవుల్లో మట్టి మోసినప్పుడు
ఎముకల సారు ఒకాయన నాకి నాకి చూసేవాడంట,
ఇంటికొచ్చి చెప్పి ఒకటే నవ్వు.
పూర్తిగా రాయైపోయింటే అంటదులే,
ఒక్క సాక్షి మాటకు తీర్పు చెప్పగూడదు."

వాకిట్లోకి తెచ్చి ఎండకు తిప్పింది.
"ఈ సన్నబొక్కలు చూడు, అట్టు మీద పడినట్ల.
బంకలో ఇసుక కలిపి పోసినారు."
మణికట్టుతో తడిమింది
(వేళ్లకు గరుకూ నునుపూ ఇప్పుడు ఒకటే).
"ఇది అచ్చు అతికిన గీత.
పక్కన నెత్తురు పారిన కాలువ ఉండాల,
వీడు నల్లరంగుతో గీసినాడు.
మొదట్లో, కింద బుడిపె ఏదీ?
నరం ఆడ కదా పట్టి లాగేది.
కోడికాలు కోసినోళ్లకు ఎవురికైనా తెలుస్తాది."

గుండుసూది కాల్చి గుచ్చాను.
ప్లాస్టిక్ గాజు కాలిన వాసన.
"మా జేజికి ఇట్లే పులిగోరని అంటగట్టినాడు ఒకడు.
బర్రెకొమ్ము.
సచ్చేదాకా మెడలో ఏసుకునింది.
పులి మాత్రం ఎప్పుడూ రాలే."

ఫోన్లో మిగతావి చూపించాను.
ఒకే వంపు, ఒకే మెరుపు, ఒకేచోట ఒకే పగులు.
"ఒకే కడుపున పుట్టినా ఇట్ల ఉండరు" అంది.
ఒకదాని దగ్గర ఆగింది:
మొన విరిగింది, సగం గోధుమ, సగం బూడిద,
కాలువలు రెండూ ఒకే ఎత్తులో లేవు,
అమ్మేవాడికే నమ్మకం లేనట్టు ధర తక్కువ.
"ఇది కావచ్చు. చేతికొస్తే గానీ చెప్పలేను."

మన బండల్లో దొరకవా అని ఆశగా అడిగాను.
నా గడప కూడా నల్లబండే.
కాలేజీ పిల్లలతో వచ్చిన సారు ఒకరు చెప్పారంట ఆమెకు:
ఈ బండ బురదగా ఉన్ననాడు
గోరు లేదు, ఎముక లేదు,
నీళ్లూ పాచీ తప్ప గీరుకోడానికి ఎవరూ లేరని.
ఆ గోళ్లు లేని కాలాన్ని రుద్దీ రుద్దీ
ఆమె గోళ్లు పోయాయి.
ఈ మాట ఆమె అనలేదు. నేను చూశాను.

మళ్ళీ పెట్టించాను వేలు,
తడిపి, కొబ్బరినూనె రాసి, ఊది.
ఆమె ఎవరో యంత్రానికి తెలియలేదు.
"దానికేం తెలుసులే పాపం,
గోరంత దానికి…" అంటూ సగంలో ఆగి
నవ్వుకుంటూ మెట్లు దిగింది.

డబ్బు వాపసివ్వమని అమ్మినవాడికి రాశాను.
జవాబు లేదు.
గోరు నా బల్ల మీదే ఉంది.
ముద్ర పడనివాళ్ల కాగితాలు పద్నాలుగు,
ఫ్యానుగాలికి ఎగిరిపోకుండా
గట్టిగానే పట్టుకుంటోంది.