రెండో తాడు

వంద మీటర్ల ఇసుక కొలిచి
నాలుగు మూలలా నాలుగు వెదురుబద్దలు పాతాను.
లోపల దొరికిందల్లా నాదే, లెక్కకు.
మూతలు నూటపదకొండు.
చెప్పులు తొమ్మిది, ఒక్క జతా కుదరలేదు.
తెగిన నైలాను వల, నా కాటాకి లొంగనంత,
దాని నిండా పీతల కాళ్ళు.
కాగితం మీద చివరి గడి: ఏ దేశానిది?

కళింగపట్నం ఒడ్డున
ఓడలు ఆగడం మానేసి చాలా కాలమైంది.
సరుకు మాత్రం దిగుతూనే ఉంది.
దీపస్తంభం రాత్రంతా కన్ను తిప్పుతుంది గానీ
సీసాకి దారి చూపించాల్సిన పని లేదు.

థాయి అక్షరాలు ఫోనులో చూసి పోల్చుకున్నాను,
గుండ్రంగా, మన అక్షరాలకు మేనత్త పిల్లల్లా.
ఇంకొకటి, ఎండకి పాలిపోయిన నీళ్ళ సీసా.
పైన ఒక గీత, దాని కింద
దండెం మీద బట్టల్లా వేలాడే రాత.
హిందీ అని రాయబోతుంటే
వెనక నించి సూరాడ కొర్లయ్య అన్నాడు:

"కాదమ్మా. ఆటిని నానెరుగుదును.
జైలు గోడ మీద పదకొండు నెల్లు సూసినాను."

ఆ సంగతి పేటంతా ఎరుగును.
ఇంజను చచ్చిన పడవ
రెండు రాత్రులు నీటివాటాన కొట్టుకుపోయి
కంటికి కనబడని గీత దాటింది.
ఏడుగురు. వేలిముద్రలు. కోర్టు.
ఇక్కడ వాళ్ళావిడ జగ్గమ్మ
ఏ ఆఫీసుకు వెళ్ళినా ఒకటే మాట:
"నీటి మీద గీత ఎవులు గీసినారో ఆయన్ని సూపించండి."

కొర్లయ్య సీసాని అటూ ఇటూ తిప్పాడు.
"దీన్నెవులూ అడగలేదు సూడు."
మూత తీసి వాసన చూశాడు.
"ముసలి వార్డరొకాయన
ఇలాటి దాంతోనే నీళ్ళు ఇచ్చేవోడు" అన్నాడు.
అంతకు మించి చెప్పలేదు.

గడిలో బంగ్లాదేశ్ అని రాశాను.
రాశాక చెయ్యి ఆగింది.
నిరుడు వంశధార పొంగినప్పుడు
హిరమండలం సంతలో కొన్న రూపాయి షాంపూలూ
పెళ్ళి భోజనాల గ్లాసులూ
మా బడి పిల్లల చిప్సు పొట్లాలూ
మొగ దాటి పోవడం నేను చూశాను.
ఆ ఒడ్డున నాలాంటిదెవరో
వెదురుబద్దల మధ్య వంగి
మన రాత పట్టుకుని, ఇదే భాషో అని
ఫోను వెతుకుతూ ఉంటుంది.

ఎక్కడో చలి నగరంలో
దేశాలన్నీ కూర్చున్నాయట.
నా కాగితం కూడా అక్కడికే పోతుందన్నారు,
కూడికల్లో కూడికై, పటం మీద ఒక చుక్కై.
తెల్లార్లూ ఒక మాట దగ్గర ఆగిపోయారట:
"తగ్గించాలి" అనాలా, "తగ్గించవచ్చు" అనాలా.
పొద్దున్న వార్త: వాయిదా.

అప్పటికే పెద్దవల నీళ్ళలో ఉంది.
ఈ కొసన ఇరవైమంది, ఆ కొసన ఇరవైమంది,
మధ్య రెండొందల గజాల గాలి.
వీళ్ళ కేక వాళ్ళకు అందదు.
వీళ్ళు బలం చూపిస్తే వల మూతి వంకరపోతుంది.
వాళ్ళు బీడీ ముట్టిస్తే
చేప ఆ పక్కనించే జారుకుంటుంది.
అందుకే మధ్యలో నిలబడి
తలగుడ్డ విప్పి ఊపుతాడు కొర్లయ్య.
ఎత్తితే లాగు. దించితే ఆగు.
ఎత్తవచ్చు అనుకోడు. ఎత్తుతాడు.

సగం కవళ్ళు, సగం సంచులు.
ఏరుతూ ఏరుతూ ఆడవాళ్ళు
ఏ దేశాన్ని తిట్టాలో తెలియక
సముద్రాన్నే తిట్టి,
మళ్ళీ దానికే దణ్ణం పెట్టుకున్నారు.

"ఆ మీటింగులో తాళ్ళకి ఎన్ని కొసలమ్మా?"
నూటా డెబ్భై పైనే అన్నాను.
"గుడ్డ ఊపేవోడు?"

కాగితం మడిచాను.
పోటు వస్తోంది, రెండో మాటు వల దిగింది.
"బేగి పీకు నీ బద్దలు" అని
ఆ సీసాని మొలలో దోపుకుని
రెండో తాడు వైపు నడిచాడు.
అక్కడ ఒక మనిషి తక్కువ.
తలగుడ్డ ఇసుక మీదే ఉండిపోయింది.