ఇస్తారిని ఎవరు మోశారు?

లిఫ్టు చెడి తొమ్మిది రోజులు.
నల్లకుంటలో మా నాలుగో అంతస్తు
నిజంగా ఎంత ఎత్తులో ఉందో
ఇప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ట్యూషన్ పిల్లలు ఆరుగురు, ఒక తెల్లబోర్డు, తిరగని ఫ్యాను.
"పవర్ పోయింది సార్."
"పోయింది కరెంటు. పవర్ అంటే సామర్థ్యం,
పనిని కాలంతో భాగిస్తే వచ్చేది"
అంటున్నాను, మెడ తుడుచుకుంటూ.

మెట్ల మీద బూట్లు లేని అడుగులు,
రెయిలింగుకి ఇనుము తగిలిన చప్పుడు.
గ్యాస్ ఇస్తారి.
భుజాన ఎర్ర బండ, పళ్ల మధ్య రసీదు.

పాఠం దానంతటదే గుమ్మంలోకొస్తే వదులుతానా?
రాసుకోండి:
బండ ముప్ఫై కిలోలు. ఎత్తు పన్నెండు మీటర్లు.
జి పది అనుకుందాం.
మూడువేల ఆరువందల జౌళ్లు.
(జౌలంటే జౌళి కాదర్రా అని ఏటా వేసే జోకు
ఎందుకో ఈసారి నోటిదాకా వచ్చి ఆగింది.)
ఎక్కడానికి రెండు నిమిషాలు. అంటే ముప్ఫై వాట్లు,
కరెంటుంటే మెట్ల మలుపులో వెలిగే
ఆ గుడ్డి బల్బంత.

శ్రీచరణ్ కరెంటు బిల్లు లెక్క కట్టాడు:
యూనిట్లో వెయ్యో వంతు,
యూనిట్ ఐదు రూపాయలనుకుంటే, అర పైసా.
నవ్వులు. నేనూ నవ్వాను.

లోపల మా ఆవిడ చిల్లర వెతుకుతోంది.
బండ ఇంకా భుజం మీదే.
స్థానభ్రంశం లేదు గనక
ఇప్పుడతను చేస్తున్న పని సున్నా,
పరీక్షలో తప్పక అడుగుతారు, అన్నాను.
అతని మెడ మీద నరం ఒకటి
నా మాట వినకుండా కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు నుజ్‌హత్ తలెత్తింది.
"సార్, బండని ఇస్తారి మోశాడు.
ఇస్తారిని ఎవరు మోశారు?"

బోర్డు చూశాను.
ముప్ఫై ఉంది, పన్నెండు ఉంది, పది ఉంది.
మనిషి లేడు.
ఇరవై ఆరేళ్లుగా ఇదే లెక్క చెప్తున్నాను,
ఎక్కినవాణ్ణి ఒక్క ఏడూ తూచలేదు.

"నీ బరువెంతయ్యా?"
"నాదా సారూ? ఎవలకెరుక.
కాటా ఎక్కి శానా దినాలాయె.
బండదైతే అడుగు, గ్రాములతోని చెప్త."

యాభై ఐదనుకున్నాం. డస్టరు పట్టి అంతా చెరిపి
మళ్లీ మొదలు.
పదివేల రెండొందలు.
"దిగేటప్పుడు ఇదంతా ఎటు పోతుంది సార్?"
నేను నోరు తెరిచేలోగా
"మోకాళ్లల్లకి" అన్నాడు ఇస్తారి.

బండ దించి, గోడకానుకుని, నీళ్లడిగాడు.
గ్లాసు పెదాల దాకా ఎత్తాడు.
పావు కిలో, నలభై సెంటీమీటర్లు.
ఒక జౌలు.
అది మాత్రం ఎవరం బోర్డు మీద రాయలేదు.

ఖాళీ బండ భుజానికెక్కించి,
రూపాయలు లెక్కపెట్టకుండానే జేబులో దోపి,
దిగిపోయాడు.
కింద ట్రాలీలో ఇంకా పదకొండు.