నలభై మిల్లీసెకన్లు

ఆటోనగర్‌లో లేత్ షాపు మీద మేడ గది.
కింద ఇనుము చెక్కుతుంటే
పైన నా టీ గ్లాసులో వలయాలు పుడతాయి.
నా పని రాయడం:
చేపల పడవల్లో లోతు కొలిచే పెట్టె
ఎలా నిద్ర లేస్తుందో
తెలియనివాడికి తెలిసేలా.

మొదటి వాక్యానికే మూడు రోజులు పట్టింది.
"ఈ చిప్‌కు జ్ఞాపకం ఉండదు."
కొట్టేశాను. అమ్మేవాళ్ళు ఒప్పుకోరు.
కానీ నిజం అదే.
కరెంటు పోయిన క్షణాన అది ఏమీ కాదు,
లక్ష గుమ్మాలు, ఒక్క వీధీ లేదు.
ఏ తీగ ఏ తీగతో మాట్లాడాలో
ఎవరో వచ్చి ప్రతిసారీ
మొదటినుంచీ చెప్పాలి.

ఆ వచ్చేవాడు బూట్‌లోడర్.
హార్బరు పైలట్ లాంటివాడని రాశాను:
బయట లంగరేసిన ఓడకి తాడు నిచ్చెన మీద ఎక్కి
డాల్ఫిన్ నోస్ పక్కన ఇరుకు కాలువలోంచి
బెర్తు దాకా తెచ్చి
సంతకం పెట్టించుకుని దిగిపోయేవాడు.
నూకరత్నం చదివి పెదవి విరిచింది.
"పైలట్ వెళ్ళేసరికి ఓడ ఉంటాది మేడమ్.
మనోడు ఓడనే కట్టాల."
బోర్డు గీసిన పిల్ల, ఆమెకు తెలియాలి.
ఆ పోలిక తీసేశాను.
ఇక్కడ మాత్రం ఉంచుకున్నాను.

తర్వాత సులువే.
ఫ్లాష్‌లో రెండు ఇమేజ్‌లు: ముందు కొత్తది,
అది చెడితే పరువు కాపాడడానికి
ఫ్యాక్టరీలో పెట్టిన పాతది.
తలలో పదహారు బైట్లు. గుర్తు, పొడవు, చెక్‌సమ్.
గుర్తు కలవకపోతే ముట్టుకోడు.
కలిస్తే, బైటు వెనక బైటు,
పోర్టు కన్వేయరు మీద ఖనిజంలా.
అంతా దిగాక డన్ పిన్ పైకి లేస్తే
పచ్చ దీపం.

రెండువందల పన్నెండో లైను దగ్గర ఆగిపోయాను.
నలభై మిల్లీసెకన్లు
ఏమీ చేయకుండా కూర్చునే లూపు.
పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట:
ఇక్కడ ఆగు. తొందర వద్దు. పరదేశి.

దాడి పరదేశి గారు సబ్బవరంలో
జీడితోట చూసుకుంటున్నారు.
"నేనే రాశానా?" అన్నారు ఫోన్‌లో.
వెనక ఎవరో కుక్కని అదిలిస్తున్నారు.
"ఎందుకో గుర్తు లేదమ్మా.
తియ్యకు మాత్రం."

మాన్యువల్లో అలా రాయలేను కదా.
తీసి చూశాం.
బెంచి మీద వందసార్లు వేశాం, వందసార్లు ఆపాం,
వందసార్లూ పచ్చ దీపం.
పెద్దాయన్ని మనసులో కొంచెం తిట్టుకున్నాను.

తెల్లారుజామున మూడున్నర. ఫిషింగ్ హార్బరు.
ఐసు దంచుతున్న చప్పుడు, డీజిలు, వలల ఉప్పుతడి.
నూకరత్నం చిన్నాన్న, మైలపల్లి దాసు, తాళం తిప్పాడు.
ఇంజిను గురకపెట్టి, దగ్గింది.
కేబిన్ బల్బు ఎర్రగా ముడుచుకుని
మళ్ళీ విచ్చుకుంది.
మా పెట్టె తెర నల్లగా.
ఇంకోసారి తిప్పాడు.
నల్లగా.

"ఏటమ్మా, అలా సూత్తారు? బేటరీ ఒకటే కదా.
ఇంజిను లెగిసినప్పుడు దీపాలన్నీ ఒకపాలి కళ్ళు మూత్తాయి.
కాసేపాగితే అవే తెరుత్తాయి."

ఐసు పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టి
లూపు తిరిగి ఎక్కించింది నూకరత్నం.
వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుంటూ.
దాసు తాళం తిప్పాడు.
బల్బు ముడుచుకుంది, విచ్చుకుంది,
తెర మీద
నాలుగు మీటర్ల నీళ్ళు, అడుగున బురద గీత.

మూడో అధ్యాయం ఆ మధ్యాహ్నమే ముగించాను:
"లోడు మొదలుపెట్టే ముందు
బూట్‌లోడర్ నలభై మిల్లీసెకన్లు ఆగుతుంది.
ఒకే బ్యాటరీ ఉన్న పడవల్లో
ఇంజిను లేచేటప్పుడు వోల్టేజి పడిపోతుంది కనక.
ఈ ఆలస్యాన్ని తొలగించరాదు."

పరదేశి గారికి చదివి వినిపిస్తే
"ఓహో, అదా" అన్నారు, ఇంకెవరి సంగతో విన్నట్టు.

కింద చిన్నాన్న పేరు వేద్దామంది నూకరత్నం.
కంపెనీ మాన్యువల్లో పేర్లుండవు.
పదిహేడో పేజీలో
నమూనాకి ఒక సీరియల్ నంబరు కావాల్సి వచ్చింది.
ఆ బోటు నంబరు వేశాను.
ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.