గొడుగు దేనికి?

సన్మాన పత్రంలో అన్నీ ఉన్నాయి.
ముప్పై నాలుగేళ్ల సర్వీసు,
నలభై ఒక్క పరిశోధనా పత్రాలు,
నా చేతికింద డాక్టరేట్లయిన పందొమ్మిది మంది,
పాఠంలోంచి బెత్తాన్ని తీసేయాలని
రెండు కమిటీల్లో నేను చేసిన గొడవ కూడా.
సైదాపేట కాలేజీ హాల్లో, ఫ్యాన్ల హోరులో
ప్రిన్సిపాల్ చదువుతుంటే
ఎవరో వకుళాదేవి గురించి విన్నట్టు విన్నాను.

సున్నా గురించి ఎవరూ చదవలేదు.

ఎనభై నాలుగు, నవంబరు. అప్పటికింకా మద్రాసే.
పులియాంతోపు కార్పొరేషన్ బడి.
నా ఒళ్లో స్టాప్‌వాచ్, చెక్క దిమ్మెల పెట్టె.
ఎదురు బెంచీ మీద
చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్న
ఏడేళ్ల పెంచలయ్య.
ఆ వీధి వీధంతా నెల్లూరు వైపు నుంచి
చీపుళ్లు పట్టుకోడానికి వచ్చినవాళ్లే.
ఇంట్లో మన మాటే.
పరీక్ష మాత్రం తమిళంలో అచ్చయింది.
ఒక్క పదం మార్చకూడదంది మాన్యువల్.
నేను మార్చలేదు.
'కుడై ఎదుక్కు?' అన్నాను.
వాడు నా నోటివైపు చూశాడు,
అక్కడెక్కడో తన వాళ్ల యాస దాక్కున్నట్టు.
'బాగుచెయ్యడానికి' అన్నాడు, తెలుగులో.
వానకు, ఎండకు. సరైన జవాబులు ఆ రెండే.
సున్నా వేశాను
గుండ్రంగా, ముత్యంలా.
నా దస్తూరికి ఎప్పుడూ పేరే.

వాళ్ల నాన్న వానాకాలం గొడుగులు బాగుచేస్తాడని
ఆయా చెప్పింది తర్వాత,
చాక్‌పీసులు డబ్బాలో వేస్తూ, మాటవరసకి.
అప్పటికే కూడేశాను. అరవై ఏడు.
ఆ అంకె నా థీసిస్ నాలుగో పట్టికలో కూర్చుంది.
కూర్చున్న చోటినుంచే
నన్ను లెక్చరర్ని చేసింది, రీడర్ని చేసింది.
వాణ్ణి ఏం చేసిందో
ఏ పట్టికలోనూ లేదు.

ఆ తర్వాతంతా ఆ మాన్యువల్‌తోనే నా పోట్లాట.
ఇంటి భాషలో అడగండి అన్నాను,
తప్పు చెప్పిన పిల్లవాణ్ణి
'ఎందుకలా?' అని ఇంకొక్కసారి కదపండి అన్నాను.
మేడమ్‌ది మెత్తటి సైకాలజీ అని నవ్వేవాళ్లు.
నవ్వనీ.
ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో ఈ కథ చెప్పేదాన్ని.
పరీక్ష పెట్టింది మాత్రం
'ఎవరో ఒకావిడ' అని.

ఇంటికొచ్చి శాలువా మడిచాను. బయట ముసురు.
మొన్న కొన్న గొడుగు చంకలో పెట్టుకుని
తడుస్తూనే నడిచాను
వంతెన దగ్గర గొడుగులు కుట్టే ఆయన దాకా.
ఆయన పెంచలయ్య కాదు. నాకన్నా పెద్దవాడు.
'ఇది బాగవుతుందా?'
ఈసారి తెలుగులోనే అడిగాను.

విప్పాడు. పుల్ల పుల్లా నొక్కి చూశాడు,
గుడ్డని వెలుతురుకెత్తి చిల్లుల కోసం వెతికాడు.
తొందరేం లేదు, ఆయన దగ్గర గడియారం లేదు.
'దీనికేం కాలేదమ్మా' అన్నాడు,
'బాగానే ఉంది.
ఎవరు చెప్పారు పాడైందని?'