విడుపు

ఫుజైరా రేవులో నలభై ఏడు డిగ్రీలు.
ఓడ నిచ్చెన మీద చెయ్యి ఆనిస్తే తోలు లేస్తది.
మాపటేళ లంగరు తీసినం.

నా పని విడుపు.
రోబో నీళ్లలోకి దిగుతుంటే వెనక పసుపు తాడు వదలాలె.
బిగిస్తే గుంజుకుంటది, ఊరకే వదిలితే చిక్కుపడతది.
సిరిసిల్లల మా నాయన కండె పట్టినట్టే పట్టుకుంట.
"ఆడెపు, నిదానం" అంటడు ఆర్నెల్, తెర మీద నుంచి కండ్లు తియ్యకుండ.

నూరు మీటర్లకు ఎరుపు పోయింది, పసుపు పోయింది.
ఐదొందలకు పేరున్న రంగు ఒక్కటీ లేదు.
ఆ తర్వాత శానాసేపు
లైటు వెలుగుల తెల్లటి నలుసులు,
కిందికి, ఇంకా కిందికి,
పైన బతికినవాటి పొట్టు, రెట్ట, తెగిన రెక్కలు.
మా షెడ్డుల సాంచాల కింద గిట్లనే నూగు రాలేది.
ఆ నూగు మా నాయన ఊపిరితిత్తులకు పోయింది.
ఇక్కడ అదే అన్నం.

తొమ్మిదొందల కాడ
నేల లేచి నిలబడ్డది.
కొమ్మలు. పాలపండ్ల తెలుపు.
కొనకొనకూ ఒక నోరు, నోటి చుట్టూ వేళ్లు,
చాచిపెట్టుకొని, ఏం రాలుతదా అని.
ఒడ్డు పగడాలకు ఒంట్లనే నాచు వండిపెడతదట.
వీటికి ఎండ లేదు, వంటమనిషి లేడు,
దొరికింది తిని పడుకుంటయి,
మా సోనాపూర్ రూములోళ్ల లెక్క.
సందులల్ల ఎర్రరొయ్య,
ఓ కొమ్మకు తాయెత్తు కట్టినట్టు
సొరచేప గుడ్డుసంచి.

"ఏడాదికి ఎంత పెరుగుతయి?"
డాక్టర్ ముజ్నా రెండు వేళ్లు దగ్గరకు తెచ్చింది,
ఇంకా తెచ్చింది,
నడుమ వెలుతురు పట్టనంత.

నేనొచ్చి తొమ్మిదేండ్లు.
మూడు కంపెనీలు, రెండు పాస్‌పోర్టులు,
చెల్లె ఇల్లు స్లాబు దాకా.
అది నా చిటికెనవేలి గోరంత.

బతికున్నది పైన జానెడే.
కింద సచ్చినోళ్ల మీద సచ్చినోళ్లు,
మీ ఊరికి పేరు పెట్టక ముందటోళ్లు, అన్నది.
ఆ భుజాల మీద ఈ నోళ్లు.
మన పొగ నీళ్లల్ల కలిసి నీళ్లకు పులుపెక్కుతున్నదట,
చింతపండు రసంల గుడ్డుపెంకు ఏమైతదో నీకు తెల్సు కదా,
ముందు కరిగేది కింది భుజాలేనట.
వెనక ఒడ్డున చమురు ట్యాంకుల దీపాలు
వరుసగా, పెండ్లిపందిరి లెక్క.

పక్కన ఓ సాలు. ఎవల వలనో, ఎప్పుడు ఈడ్చుకపోయిందో.
దున్నిన చెలక మొలుస్తది.
ఇది మొలవలే.

మ్యాపుల మా కేబులు గీత సరిగ్గ దిబ్బ నడుమ.
ముజ్నా వేలు పెట్టి చూపించింది.
ఓడకు రోజుకెంతో తెల్సా, అన్నడు క్లయింటు మనిషి,
చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట.

అప్పుడే విడుపు తప్పిన.
ఓ అల లేచింది, తాడు చిటికెడు బిగిసింది,
రోబో కాలు తగిలింది.
నా అరచేతికి ఏం తెల్వలే.
తెర మీద ఓ కొమ్మ
చప్పుడు లేకుండ
వంగింది.

తెల్లారుజామున ఇనుప చట్రంల ఇరుక్కొని అది పైకొచ్చింది.
బకీట్ల వేసి, కోకు డబ్బాల మీది ఐసు తెచ్చి పోసిన.
డెక్కు మీద అప్పటికే ముప్పై ఆరు.
నోళ్లు ఒక్కొక్కటే మూసుకున్నయి.
జిగురు కారింది. తడి సున్నం వాసన.
ముజ్నా ఏమనలే. పొడుగు కొలిచి, నంబరు రాసి,
మూత పెట్టింది.

ఆమె రిపోర్టుల ఏం రాసిందో నాకు తెల్వదు.
గీత జరిగిందో లేదో మాసొంటోళ్లకు చెప్పరు.
మర్నాడు రోబో దిగేటప్పుడు
తాడు ఓ మూరెడు ఎక్కువ వదిలిన.
ఆర్నెల్ తిరిగి చూసిండు.
నిదానం అననేలే.